కారు రేడియేటరును కడుగు విధము

బావినీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పొర కట్టుట మనమెఱిగినదే. అది నీటిలో కరగియున్న సున్నపు లవణము. 1900వ సంవత్సరమున ప్రారంభమై మన పాతపట్నముమీదుగా నడచిన పర్లాకిమిడి చిన్నరైలువంటి దారులలో, ఆవిరియింజనుల బాయిలరులను అప్పుడప్పుడు కడుగుట కీ పొరయే ముఖ్యకారణము. కారు రేడియేటరులో సాదానీరు పోసి యేండ్లతరబడి యుపేక్షించినచో, ఈ పొరయు తుప్పును సన్నని గొట్టములను పూడ్చును. వేడి వెలుపలికి పోక యింజను చెడును.

దానిని మనమింటివద్దనే కడుగవచ్చును. మొదట ఇంజను పూర్తిగా చల్లారవలెను. బిగించిన మూతక్రింద నీరు ఒత్తిడిచే 100 డిగ్రీలు మించియు మరుగక యుండును. అప్పుడు మూత తీసినచో అది తక్షణమే ఆవిరియై ముఖమును కాల్చును. చల్లారిన పిమ్మట అడుగు మర విప్పి పాతద్రవమును పళ్లెములోనికి దింపవలెను. మర బిగించి, మంచినీరు పోసి, మూతపెట్టి, ఇంజనును కొంతసేపు నడిపి, చల్లార్చి, మరల దింపవలెను. నీరు తేటపడువఱకు నిట్లే చేయవలెను. గట్టిపడిన పొర వట్టినీటికి కరగదు. దానికై అమ్మెడు మందును వాడవలెను. కడపట కారుతో వచ్చిన పుస్తకములో చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్లలో స్వేదనజలముతో కలిపి నింపవలెను.

కూలెంటులో సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. కుక్కలుగాని పసిబిడ్డలుగాని త్రాగినచో ప్రాణాపాయము. కావున పాతద్రవమును వీధికాలువలోను మహేంద్రతనయ యొడ్డునను పాఱబోయక, మూతగల డబ్బాలో నుంచి మరమ్మతుశాలవారికి అప్పగింపవలెను. తన కారును బాగుచేసికొని పొరుగువాని నీటిని చెఱచువాడు సగము పాఠమే నేర్చినవాడు.