బల్బు నుంచి ఆకాశం దాకా

అచ్యుతాపురంలో ఒక ఇల్లు. పండగ ముందు అటక దులుపుతున్నారు. అత్తకు అక్కడ ఒక పాత బల్బు దొరికింది. కొంగుతో తుడిచింది. దాని మీద ఏవో అంకెలు ఉన్నాయి. ఇదివరకు ఆమెకు అవి ఉత్త గీతలే. ఇప్పుడు చదువు వచ్చింది. కూడబలుక్కుని చదివింది. "60 వాట్లు."

గదిలో వెలుగుతున్న బల్బు తాలూకు అట్టపెట్టె తెచ్చి చూసింది. దాని మీద "9 వాట్లు" అని ఉంది.

"ఇదేటి? దీని మీద 60, దాని మీద 9. వెలుగు మాత్రం ఇంచుమించు ఒక్కలాగే ఉంటాది. ఎలాగ?" అని అడిగింది.

"ఈ వయసులో అవన్నీ నీకెందుకే అమ్మా?" అని కొడుకు నవ్వాడు. అత్త మొహం చిన్నబోయింది.

కోడలు నవ్వలేదు. "మంచి ప్రశ్నే అడిగినావత్తా. దీని వెనకాల పెద్ద కథ ఉంది" అంది. ఆ కథ ఏమిటో మనం కూడా తెలుసుకుందాం.

వేడి దీపం, చల్లని దీపం

కమ్మరి కొలిమిలో ఇనుము కాలిస్తే ఎర్రగా వెలుగుతుంది. పాత బల్బూ అంతే. లోపల సన్నని తీగ ఉంటుంది. కరెంటు దాన్ని కాలుస్తుంది. తీగ కాగి వెలుగు ఇస్తుంది. రూపాయి కరెంటు ఖర్చయితే పది పైసలు కూడా వెలుగు కాదు. మిగతాదంతా వేడే. అందుకే పాత బల్బు ముట్టుకుంటే చెయ్యి కాలేది.

కొత్త బల్బు పేరు ఎల్.ఈ.డీ. ఇందులో కాలే తీగ లేదు. చిన్న చిన్న బిళ్లలు ఉంటాయి. కరెంటు అంటే కంటికి కనిపించని అతి చిన్న రేణువుల పరుగు. వాటిని ఎలక్ట్రాన్లు అంటారు. బిళ్లలో అవి పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతాయి. దిగినప్పుడు వెలుగు వస్తుంది. మెట్టు చిన్నదైతే ఎర్రని వెలుగు. పెద్దదైతే నీలం వెలుగు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల బల్బు అంతే సేపు వెలిగితే నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు.

నీలం దొరకలేదు

ఎర్రని ఎల్.ఈ.డీ. 1962లోనే వచ్చింది. తర్వాత ఆకుపచ్చ వచ్చింది. నీలం మాత్రం రాలేదు. నీలం లేకుండా ఇంటికి పనికొచ్చే తెల్లని వెలుగు రాదు. పెద్ద పెద్ద కంపెనీలు ప్రయత్నించాయి. "ఇది అయ్యే పని కాదు" అని చాలామంది వదిలేశారు.

జపాన్‌లో ముగ్గురు వదల్లేదు. ఇసాము అకసాకి ఒక గురువు. హిరోషి అమనో ఆయన శిష్యుడు. షుజి నకమురా ఒక చిన్న కంపెనీలో పని చేసేవాడు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో వాళ్లు కుస్తీ పట్టారు. ఎన్నోసార్లు ఓడిపోయారు. చివరికి 1990ల మొదట్లో మంచి నీలం వెలుగు వచ్చింది. ఎరుపు తర్వాత నీలానికి ముప్పై ఏళ్లు పట్టింది.

మన బల్బులో నీలం వెలుగు పసుపు పొడి మీద పడుతుంది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. పాడైన బల్బు మూత ఊడితే లోపల పసుపు చుక్కలు కనిపిస్తాయి. అవే ఈ బిళ్లలు. కరెంటులో ఉన్న బల్బును మాత్రం ఎప్పుడూ విప్పకూడదు.

ఆ ముగ్గురికీ 2014 అక్టోబరు 7న నోబెల్ బహుమతి ప్రకటించారు. సరిగ్గా అయిదు రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత విశాఖ వీధుల్లో ఎల్.ఈ.డీ. దీపాలు పెట్టారు. వదలకుండా పని చేసిన ఆ ముగ్గురి వెలుగు మన వీధుల్లోకి వచ్చింది.

గుంటూరులో గ్రహణం

పొయ్యి మంటలో కాస్త ఉప్పు పడితే మంట పసుపుగా మారుతుంది. ఒక్కో పదార్థం ఒక్కో రంగు వెలుగు ఇస్తుంది. అంటే వెలుగును చూసి, అది ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పవచ్చు. సూర్యుడి దగ్గరకు ఎవరూ పోలేరు. కానీ అతని వెలుగు మన దగ్గరకు వస్తుంది కదా!

గ్రహణం పట్టిందంటే మనం తలుపులు వేసుకుంటాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ దేశం నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరుకు వచ్చాడు. సూర్యుడి అంచు నుంచి వచ్చే వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. ఆ ఏడాది చేసిన పరిశీలనల్లో ఒక పసుపు గీత కనిపించింది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థమూ అలాంటి గీత ఇవ్వదు. ఇది కొత్త పదార్థం అని ఇంగ్లండులో లాకియర్ అన్నాడు. దాని పేరే హీలియం. 1895లో అది భూమ్మీద కూడా దొరికింది. గాలిలోకి ఎగిరే బుడగల్లో నింపేది దాన్నే.

గ్రహణాన్ని వట్టి కళ్లతో చూడకూడదు. కళ్లు పోతాయి. అందుకోసం చేసిన ప్రత్యేక అద్దాలతోనే చూడాలి.

ఆకాశంలో అల

ఆకాశంలో వెలుగు ఇవ్వనివి కూడా ఉన్నాయి. కొన్ని పెద్ద నక్షత్రాలు ఆరిపోయాక లోపలికి కుంచించుకుపోతాయి. అప్పుడు వాటిలోంచి వెలుగు కూడా బయటకు రాలేదు. వాటిని కృష్ణ బిలాలు అంటారు. మరి వాటి సంగతి ఎలా తెలుస్తుంది?

చెరువులో రాయి వేస్తే అలలు వస్తాయి. అలాగే రెండు కృష్ణ బిలాలు ఢీకొంటే ఆకాశంలోనే అలలు పుడతాయి. ఇలాంటి అలలు ఉంటాయని ఐన్‌స్టీన్ 1916లో చెప్పాడు. అయితే అవి ఎవరికీ అందలేదు.

2015 సెప్టెంబరు 14న అమెరికాలో రెండు చోట్ల ఆ అల అందింది. అది సుమారు 130 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన అల. దాన్ని పట్టడానికి 4 కిలోమీటర్ల పొడవు గొట్టాల్లో వెలుగును పంపి కొలిచారు. ఆ పొడవులో వచ్చిన మార్పు ఎంతో తెలుసా? మన తల వెంట్రుక మందంలో లక్ష కోట్ల వంతు కంటే చిన్నది! ఇలాంటి కేంద్రాన్ని మన దేశంలో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

మళ్లీ ఇంట్లో

కోడలు చెప్పడం ఆపింది. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "మరి ఆ బిలంలో పడిపోయిన వెలుగు ఏటవుతాది?"

కొడుకు ఈసారి నవ్వలేదు. జవాబు కోసం పెళ్లాం వంక చూశాడు.

"అది శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా తెలీదత్తా" అంది కోడలు. "వాళ్లు కూడా నీలాగే అడుగుతున్నారు."

అత్త పాత బల్బును పారెయ్యలేదు. కొత్త అట్టపెట్టె పక్కనే గూట్లో పెట్టింది.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఇంట్లో బల్బు మీద ఎన్ని వాట్లు అని రాసి ఉంది?
2. మీ కరెంటు బిల్లులో పోయిన నెల ఎన్ని యూనిట్లు ఉన్నాయి? మీరే చదివి చెప్పండి.
3. "నీకెందుకు?" అని ఎవరైనా అన్నందుకు మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఉందా? దాన్ని ఇక్కడ రాయండి.