ధూర్జటి ఖతి

శ్రీకాళహస్తి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. ఆ ఊరి కవి ధూర్జటి పేరిట కంప్యూటరులో ఒక తెలుగు ఖతి ఉన్నది. సిలికానాంధ్ర సంస్థ దానిని స్వేచ్ఛా లైసెన్సుతో అందించింది. ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు. మార్చే చేతులు పెరిగినకొద్దీ తప్పులు దొర్లే అవకాశమూ పెరుగుతుంది.

ప్రోగ్రామును నడపకుండా, రాసినదానిని చదివి దోషాలు పట్టడాన్ని స్థిర విశ్లేషణ అంటారు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోసం రాసిన ‘లింట్’ ఇందుకు తొలినాటి సాధనం. బట్టకు అంటిన నూగు అని ఆ పేరుకు అర్థం.

గూగుల్ ఫాంట్స్ భాండాగారంలో చేరే ఖతులను ‘ఫాంట్‌బేకరీ’ ఇదే రీతిలో తనిఖీ చేస్తుంది. మార్పు చేర్చిన ప్రతిసారీ అది తనంతట తానే పనిచేసేలా అమర్చుకోవచ్చు. లైసెన్సు వివరం లోపించినా, కొలతలు పొసగకున్నా చెబుతుంది. ‘స్త్రీ’ అన్నప్పుడు రెండు వత్తులూ కంటికి ఇంపుగా కుదిరాయా అన్నది మాత్రం తెలుగు చదువరే చూసి చెప్పాలి.