లీటరుకి ఎంత ఆయిల్?

చి. శ్రీనుకి,

మామిడి తోటలో గడ్డికని బ్రష్ కట్టర్ కొన్నావని, పెట్రోల్లో కలిపే టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ సంగతి తలా ఒక మాట చెబుతున్నారని రాశావు. షాపువాడు లీటరుకి ఇరవై మిల్లీలీటర్లన్నాడు, పక్క తోటాయన నలభై అన్నాడు, బావగారేమో "కాస్త ఎక్కువే పొయ్యరా, ఇంజనుకి మంచిది" అన్నారు. ముందు మిషన్ ఒకసారి తిప్పి చూడు. హోండా జీఎక్స్ 35 ఇంజన్ బిగించినవీ బజార్లో ఉన్నాయి. అవి ఫోర్ స్ట్రోక్. ఆయిల్ పోసే మూత విడిగా ఉంటుంది, ట్యాంకులో ఉత్త పెట్రోలే పోయాలి. ఆ మూత కనిపించకపోతేనే మిగతాది చదువు.

టూ స్ట్రోక్ ఇంజన్‌కి అడుగున ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోలు వెళ్ళే దారినే ఆయిలూ వెళ్ళి క్రాంకు బేరింగుల్నీ, పిస్టన్‌నీ తడిపి, చివరికి కాలిపోతుంది. అంటే నువ్వు డబ్బాలో కలిపిందే దానికి దిక్కు.

షాపువాడూ పక్క తోటాయనా ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఎవరి ఆయిల్ లెక్క వాళ్ళది. స్టిల్ వాళ్ళ మిషన్ల పుస్తకాలు చూడు: తమ ఆయిల్ వాడితే 50కి 1, వేరే కంపెనీ టూటీ అయితే 25కి 1 అని చాలావాటిలో ఉంటుంది. హస్క్‌వర్నా తమ ఆయిల్‌కి 50కి 1, బయటి ఆయిల్‌కి 33కి 1 అంటుంది. లీటరుకి లెక్కేస్తే 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు, 33కి 1 అంటే 30, 25కి 1 అంటే 40. కాబట్టి ఒకరి దగ్గర లెక్క తీసుకుని, ఇంకొకరి దగ్గర ఆయిల్ కొనకు. మిషన్ పుస్తకంలో ఏ ఆయిల్‌కి ఎంతని ఉందో చూసి, రెండూ కలిపే పాటించు.

డబ్బా వెనక జాసో ఎఫ్‌సి గానీ ఎఫ్‌డి గానీ ఉంటే మంచి సరుకే. పొగ తక్కువ, మసి తక్కువ. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది పడవ ఇంజన్లది. నీళ్ళతో చల్లబడేవాటికి చేసింది, గాలితో చల్లబడే నీ మిషన్‌కి పనికిరాదు. బైకులో పోసే ఫోర్‌టీ ఆయిల్ మిగిలింది కదా అని అది కలపబోకు, శుభ్రంగా కాలదు.

బావగారి మాట కొట్టిపారెయ్యను. ఆయన చేతక్ నడిపిన రోజుల నాటి అలవాటది. కానీ స్కూటరు తిరిగే వేగం వేరు. ఇది నిమిషానికి పది వేల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్ తడిసి స్టార్ట్ కాదు, సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోతుంది, గడ్డి దట్టంగా ఉన్నచోట మిషన్ గుక్కపడుతుంది. మా షాపుకి "బలం లేదండీ" అంటూ వచ్చేవాటిలో చాలావాటికి ఆ జాలీ విప్పి కాల్చి బిగిస్తే చాలు. తక్కువైతే మాత్రం పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది. అప్పుడు సిలిండర్ మార్చాల్సిందే.

కొలతకి టీ గ్లాసూ మూతా వద్దు. పశువుల మందుల కొట్లో 20 మిల్లీలీటర్ల సిరంజి దొరుకుతుంది, సూది తీసేసి వాడు. 50కి 1 అయితే లీటరుకి ఒక సిరంజి, 25కి 1 అయితే రెండు. మిషన్ ట్యాంకులో కలపకు. విడి డబ్బాలో సగం పెట్రోలు పోసి, ఆయిల్ పోసి, బాగా ఊపి, మిగతా సగం పోసి మళ్ళీ ఊపు. ట్యాంకులో పోసే ప్రతిసారీ ఇంకోసారి ఊపాలి. ఇంజన్ చల్లారకుండా మూత తియ్యకు. బీడీలు కాల్చే కూలీలుంటే దూరంగా ఉండమను.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పైగా నువ్వు మిషన్ తీసేదే వానాకాలంలో. తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకులో ఫిల్టరు ఉండేదీ అడుగునే. ఆ నీళ్ళలో ఆయిల్ ఉండదు, ఇంజన్ తాగేది మాత్రం దాన్నే! అందుకే వారానికి సరిపడా కలుపుకో, నెల దాటిన మిశ్రమం వాడకు. గడ్డి పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగిపోయేదాకా నడిపి మూలన పెట్టు. లేకపోతే కార్బురేటర్ డయాఫ్రం గట్టిపడుతుంది.

రెండు మూడు ట్యాంకులు కోశాక ప్లగ్ విప్పి చూడు. మొన లేత గోధుమరంగులో ఉంటే అంతా సవ్యమే. నల్లగా జిడ్డుగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ కడుగు, ఆ తర్వాతే ఆయిల్ కొలత అనుమానించు. తెల్లగా ఉంటే ఆయిల్ పెంచకు. అది గాలి లీకో, కార్బురేటర్ సెట్టింగో అయి ఉంటుంది. మిషన్ ఆపేసి నా దగ్గరికి తీసుకురా.

మిషన్ మోడల్ చీటీ, కొన్న ఆయిల్ డబ్బా వెనకవైపు ఫోటో తీసి పంపు. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య