ఐదువేల మందిలో ముగ్గురు: రొమ్ము క్యాన్సర్ పరీక్షల్లో మన విరాళం ఎక్కడ పనికొస్తుంది?

కిందటేడు సర్వసభ్య సమావేశం అయ్యాక టీ తాగుతుండగా ఒక దాత నా దగ్గరికి వచ్చారు. "టీచర్ గారూ, ఆడవాళ్ళ కోసం మామోగ్రామ్ బస్సు తెప్పించి రెండ్రోజులు క్యాంపు పెడదాం. ఖర్చు నేను చూసుకుంటాను, ఆడవాళ్ళను మీరు పోగుచెయ్యండి" అన్నారు. మంచి మనసుతో అన్న మాట. కానీ నేను వెంటనే సరే అనలేకపోయాను. "కొంచెం లెక్క చూసి చెబుతానండీ" అన్నాను. పాతికేళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! ఆయనకు చెప్పాల్సిన జవాబు మీ అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98,000 మందికి పైగా చనిపోయారు. మన ఆడవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు తెలిస్తే ఆపరేషన్ చిన్నది, మందులు తక్కువ, బతికే అవకాశం ఎక్కువ. ఇక్కడివరకు అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ చిన్న గడ్డను ఎవరు, ఎలా, ఎంత ఖర్చుతో పట్టుకోవాలన్న దగ్గరే వస్తుంది.

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. ధనిక దేశాల్లో యాభై దాటిన ఆడవాళ్ళందరినీ రెండేళ్ళకొకసారి పిలిచి తీస్తారు. ఆ పద్ధతి నడవాలంటే యంత్రం ఒక్కటే చాలదు. ఫిల్ము చదవగలిగే డాక్టర్లు, అనుమానం వస్తే వారంలో ముక్క పరీక్ష చేసే ఆసుపత్రులు, ప్రతి మనిషికీ కబురు పెట్టే వ్యవస్థ ఉండాలి. ఇవి లేనిచోట మామోగ్రామ్‌తో ఊరంతా పరీక్షించడం ఖర్చుకు తగ్గ ఫలితం ఇవ్వదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. పైగా వయసు తక్కువ ఉన్నవాళ్ళ రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, ఆ ఎక్స్‌రేలో గడ్డ సరిగా కనపడదు. మన దేశంలో నలభైల్లోనే ఈ జబ్బు పడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మరి దారేమిటంటే, చేతులతో చేసే పరీక్ష ఉంది. తర్ఫీదు పొందిన ఒక ఆరోగ్య కార్యకర్త, ఆడమనిషే, తెర వెనక నాలుగైదు నిమిషాలు నిదానంగా తడిమి చూస్తుంది. యంత్రం లేదు, కరెంటు లేదు. ఇది నిజంగా పనిచేస్తుందా అని ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు ఇరవై ఏళ్ళు పరిశోధన చేశారు. 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న లక్షన్నర మంది ఆడవాళ్ళను బస్తీల వారీగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగుసార్లు చేతి పరీక్ష చేశారు. రెండో జట్టుకు జబ్బు గురించి ఒక్కసారి చెప్పి వదిలారు. 2021లో ఫలితం ప్రచురించారు. పరీక్ష చేసిన జట్టులో క్యాన్సర్ వచ్చినవాళ్ళలో ముదిరాక బయటపడినవాళ్ళు నూటికి 37, రెండో జట్టులో 47. చనిపోయినవాళ్ళు మొదటి జట్టులో 213, రెండో జట్టులో 251.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ పదిహేను శాతం తేడా కాకతాళీయం కావచ్చునని గణాంకశాస్త్రం అంటుంది. యాభై దాటినవాళ్ళలో మాత్రం మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి, అది గట్టి తేడా. యాభై లోపువాళ్ళలో మరణాలు తగ్గినట్టు తేలలేదు.

ఖర్చు గురించి 2008లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పేరు మీద వెలువడే పత్రికలో భారతదేశం కోసమే వేసిన ఒక లెక్క వచ్చింది. కంప్యూటర్ మీద వేసిన అంచనా అది. యాభయ్యో ఏట ఒకే ఒక్కసారి చేతి పరీక్ష చేస్తే, ఒక ఏడాది ఆయుష్షు దక్కించడానికి అయ్యే ఖర్చు 793 అంతర్జాతీయ డాలర్లు. నలభై నుంచి అరవై దాకా రెండేళ్ళకొకసారి చేస్తే 1,341. పిల్లల్ని అడిగితే "మొదటిదే చౌక టీచర్" అంటారు. నేను వెంటనే రెండో కాలమ్ చూడమంటాను. ఒక్కసారి పరీక్షతో మరణాలు తగ్గేది 2 శాతం. రెండేళ్ళకొకసారి చేస్తే 16.3 శాతం. చౌక వేరు, ప్రయోజనం వేరు. ఒక్కరోజు క్యాంపు, ఫ్లెక్సీ, ఫోటోలు ఆ మొదటి లెక్కలోకి వస్తాయి. అదే అంచనాలో ఇంకో సంగతి ఉంది. ఏడాదికొకసారి చేతి పరీక్ష, రెండేళ్ళకొకసారి మామోగ్రామ్ ఇంచుమించు సమానంగా ప్రాణాలు కాపాడతాయి, కానీ చేతి పరీక్షకు అయ్యేది సగం ఖర్చే.

మన రాష్ట్రంలోనూ ఇది జరిగింది. హైదరాబాదులోని ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్, డాక్టర్ పి. రఘురామ్ గారి ఆధ్వర్యంలో, 2012 నుంచి 2016 దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోని 15 జిల్లాల్లో, 3,973 గ్రామాల్లో రెండు లక్షలమంది పేద మహిళలకు ఊళ్ళలోని ఆరోగ్య కార్యకర్తలకే తర్ఫీదిచ్చి చేతి పరీక్ష చేయించింది. పల్లెటూళ్ళో ఆడవాళ్ళు ఇలాంటి పరీక్షకు రారన్నవాళ్ళకు ఇదే జవాబు.

ఇక అసలు విషయానికి వస్తాను. కేరళలో తిరువనంతపురం దగ్గర ఇలాంటి పరిశోధనే జరిగింది. అక్కడ 50,366 మందికి చేతి పరీక్ష చేస్తే 2,880 మందిలో అనుమానం కనిపించి పై పరీక్షలకు వెళ్ళమన్నారు. వాళ్ళలో క్యాన్సర్ తేలింది 30 మందికి. మన కాట్రేనికోన మండలంలో ఐదువేల మందిని చూశామనుకోండి. అదే దామాషాలో సుమారు 286 మందిని అమలాపురం పంపాలి. అందులో ముగ్గురికి జబ్బు ఉంటుంది. ఆ ముగ్గురెవరో ముందు ఎవరికీ తెలియదు. 286 మందీ వెళ్తేనే ముగ్గురూ దొరుకుతారు.

వెళ్తారా?

మా వీధిలో ఒకావిడకు ఒక క్యాంపులో గడ్డ ఉందని చెప్పి చీటీ రాసిచ్చారు. భర్త కువైట్‌లో, పెద్దకొడుకు పదో తరగతి. తొమ్మిది నెలల తరవాత ఆ అబ్బాయి మార్కుల గురించి మాట్లాడదామని వెళ్తే, మాటల్లో మాటగా చెప్పింది. చీటీ బీరువాలో చీరల కింద మడతపెట్టి ఉంది. "వెళ్దామనే అనుకున్నా ఆపా. తోడు ఎవరొస్తారు? అక్కడ మగ డాక్టరుంటే?" అంది. అప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది. ఆవిడ బతికే ఉంది, అల్‌హమ్దులిల్లాహ్, కానీ పడిన బాధ చీటీ ఇచ్చిన వారంలో వెళ్ళి ఉంటే పడవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవిడ పరీక్షకు పెట్టిన ఖర్చు వృథా అయింది సరే, తొమ్మిది నెలల కాలం ఎవరు తిరిగిస్తారు?

అందుకే నేనంటున్నది ఇది: మొదటి పరీక్షకు మనం డబ్బు పెట్టనక్కర్లేదు. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకు ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. జబ్బు తేలాక కార్డు ఉన్నవాళ్ళకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఈ రెండింటి మధ్య ఒక గొయ్యి ఉంది. బలుసుతిప్ప నుంచి ఆటో, బస్సు, మగసానితిప్ప అయితే ముందు పడవ. తోడు వచ్చే మనిషి. ఇద్దరి కూలీ నష్టం. అవసరమైతే బయట స్కానింగ్. మళ్ళీ రిపోర్టు కోసం ఇంకో రోజు. ఇవి ఏ కార్డూ ఇవ్వదు.

ఒక్కొక్కరికి ఈ రెండో ప్రయాణానికి 1,500 రూపాయలు అనుకుందాం (ఎక్కువో తక్కువో అనిపిస్తే మీరే మార్చుకుని గుణించండి). 286 మందికి 4,29,000. ఐదువేల మందికీ మామోగ్రామ్ తీయించాలంటే, ఒక్కొక్కటి అదే 1,500 అనుకున్నా, 75 లక్షలు. ఆ 75 లక్షలు పెట్టాక కూడా అనుమానం వచ్చినవాళ్ళను అమలాపురం పంపే ఖర్చు మిగిలే ఉంటుంది.

చేతి పరీక్షకు లోపం లేదని కాదు. కేరళలో అది ఉన్న క్యాన్సర్లలో సగానికి కాస్త ఎక్కువే పట్టుకుంది, మిగతావి జారిపోయాయి. అందుకని "పోయినసారి ఏమీ లేదన్నారు" అని ఊరుకోకూడదు. మధ్యలో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం కనిపించినా వెంటనే వెళ్ళాలి. ఈ మాట ఇంటింటా చెప్పడానికి ఖర్చు లేదు, నోరున్న ఆడవాళ్ళు కావాలి అంతే.

జకాత్ సొమ్ము దీనికి చెల్లుతుందా, సదఖా మాత్రమేనా అని కొందరు అడిగారు. అది ఉలమా చెప్పాలి, లెక్కల టీచరు కాదు.

నేను రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని గీతలు గీసి ఉంచాను. పేరు, వయసు, ఊరు, ఏఎన్ఎం చూసిన తేదీ, చీటీ ఇచ్చిన తేదీ, తోడు వెళ్ళినవాళ్ళ పేరు, అమలాపురం వెళ్ళిన తేదీ, ఫలితం, మళ్ళీ చూడాల్సిన తేదీ. చీటీ ఇచ్చి రెండు వారాలైనా "వెళ్ళిన తేదీ" గడి ఖాళీగా ఉంటే ఆ ఇంటి తలుపు తట్టాలి. పుస్తకం నా దగ్గర ఉంటుంది, ఆడవాళ్ళ వివరాలు ఇంకెవరూ చూడరు. నలభై నుంచి అరవై ఏళ్ళవాళ్ళతో మొదలుపెట్టి, ఏఎన్ఎం పరీక్ష ఐదేళ్ళకు కాక రెండేళ్ళకొకసారి జరిగేలా గుర్తుచేస్తూ ఉంటే చాలు. తోడు వెళ్ళడానికి పల్లంకుర్రు నుంచి ఇద్దరు, మా వీధి నుంచి ఒకరు ఒప్పుకున్నారు. ఆ చీటీ దాచుకున్నావిడే ఆ ఒకరు. చెయ్యేరు వైపు, బలుసుతిప్ప వైపు ఇంకా ఎవరూ దొరకలేదు.