బెజ్జంలో పొడి

అల్లుడూ,

సైటులో చేరి వారం కాలేదు, "రాల్ బోల్టు మంచిదా, కెమికల్ మంచిదా?" అని అడిగావు. అది దేన్ని మోయాలో, దేంట్లో దిగాలో తెలిస్తే గానీ బోల్టు సంగతి తేలదు.

షెడ్డు కాలమ్‌లకు ఫౌండేషన్ బోల్టులే. ఎల్ లాగానో జె లాగానో వంచినవాటిని కాంక్రీటు పోయకముందే టెంప్లేటుకు బిగించి నిలబెడతారు. పోసేటప్పుడు వైబ్రేటరు తగిలి జరిగితే బేస్ ప్లేటు కూర్చోదు. మరలకు గ్రీజు రాసి గుడ్డ చుట్టించు.

గట్టిపడిన కాంక్రీటులో వేసేవి వేరు. రాల్ బోల్టూ, వెడ్జ్ యాంకరూ బిగించేకొద్దీ లోపల విచ్చుకుని బెజ్జం గోడల్ని ఒత్తిపడతాయి. అంచుకు దగ్గరగా వేస్తే ఆ ఒత్తిడికే బీము అంచు పెచ్చు లేస్తుంది. 12 మి.మీ. వెడ్జ్‌కు 12 మి.మీ. బెజ్జమే. రాల్ బోల్టుకైతే బయటి తొడుగు కొలత చూడాలి. బోలు ఇటుకలో వెడ్జ్ వెయ్యొద్దు, పట్టు దొరకదు.

కెమికల్ యాంకరు అలా ఒత్తదు; బెజ్జంలో నింపిన మందు రాడ్డును కాంక్రీటుకు అతికిస్తుంది. అందుకే అంచు దగ్గర అది నయం. కానీ నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పోర్టికోకి వేసిన రాడ్డు, స్పానర్ పెట్టగానే గిర్రున తిరిగింది. లాగితే మందుతో సహా చేతిలోకొచ్చింది. మందు చుట్టూ బూడిదరంగు పొడి! పిండి చల్లిన పీటకు చపాతీ అంటుకోదు కదా, ఇదీ అంతే. బెజ్జంలో పొడి ఎవరో ఊదే ఉంటారనుకుని నేను చూడలేదు. ఆ పూట మిగతా బెజ్జాలన్నీ అనుమానమే అయ్యాయి, మొత్తం మళ్లీ వేశాం.

అందుకే బెజ్జం వేశాక అడుగు నుంచి ఊదు, వైరు బ్రష్ తిప్పు, మళ్లీ ఊదు. పొడి రావడం ఆగేదాకా చెయ్యి. కళ్లద్దాలు మరవకు. మందు అడుగు నుంచి నింపుకుంటూ రా, రాడ్డును తిప్పుతూ దించు. డబ్బా మీద రాసిన గట్టిపడే సమయం అయ్యేదాకా ముట్టుకోకు.

తలపైన వేలాడే బరువుకైతే ఇంకా జాగ్రత్త. 2006 జూలైలో అమెరికాలోని బోస్టన్ సొరంగంలో సీలింగ్ పలకలు కారు మీద పడి ఒకామె చనిపోయింది. త్వరగా గట్టిపడే ఎపాక్సీ మందు నిరంతర బరువుకు కొద్దికొద్దిగా సాగి, యాంకర్లు ఊడివచ్చాయి. వేసిన రోజు అవి గట్టిగానే ఉన్నాయి.

స్లాబు కింద పైపుల హ్యాంగర్లు మొదలెడతారన్నావు. ఏ మందు తెప్పించారో డబ్బా రెండువైపులా ఫోటో తీసి ఇవాళే పంపు.

మీ మామయ్య