గుఱ్ఱపు రౌతుల కోలాటము: క్వాడ్రిల్లు విన్యాసమునకు సిద్ధపడు విధము

మన శ్రీకూర్మము వీధులలో ఉత్సవదినములందు కోలాటపు జట్టును చూచినవారు ఒక విషయమును గమనించియే యుందురు. ఇరువదిమంది యాడుచుండగా చూపరి కన్ను ఏ యొక్కనిమీదను నిలువదు. జట్టంతయు నొక్క ప్రాణి వలె కదలుటయే వానికి వేడుక. ఆడువారిలో నొక్కడు అడుగు తప్పెనా, అంతవరకు కానరాని వాడు అప్పుడే అందఱికిని కనబడును. ప్రతివానికి ఎదుట నొక ఉద్ది యుండును; ఆ ఉద్ది కోల తన కోలకు సరియైన క్షణమున తగులవలెను. ఉత్తరాంధ్రమందలి తప్పెటగుళ్ల కళాకారులును ఇట్లే వలయములుగను వరుసలుగను మాఱుచు నొక్క అడుగుగా ఆడుదురు.

ఇదే విన్యాసమును మనుష్యులు తమ కాళ్లపైగాక గుఱ్ఱములపై నుండి చేయుదు రనుకొనుడు. ఒక్కొక్క గుఱ్ఱము సుమారు 450 కిలోగ్రాముల బరువుగల ప్రాణి. దానికి తన బుద్ధి తనకు గలదు, తన భయము తనకు గలదు. అట్టి ఎనిమిది గుఱ్ఱములు జంటలై, నలుగురై, ఎదురెదురుగా నడచి, ఒండొంటిని తాకక దాటి, మరల వరుస గట్టవలెను. ఇట్టి విన్యాసమునకు క్వాడ్రిల్లు అని పేరు. దీనికై యువకులైన రౌతులు ఎట్లు సిద్ధపడుదురో, అందుండి విద్యార్థులు నేర్వదగిన దేమో తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

క్వాడ్రిల్లను మాట నాలుగను సంఖ్యకు సంబంధించినది. స్పెయిను, ఇటలీ దేశములలో చతురస్రముగా నిలిచిన చిన్న దళమునకు మొదట ఈ పేరు గలిగెను. 1662లో ఫ్రాన్సు రాజగు 14వ లూయీ పారిసు నగరమున గొప్ప అశ్వోత్సవము చేయించెను. అందు 5 దళములు రోమనులు, పారసీకులు, తురుష్కులు, హిందూదేశీయులు, అమెరికా దేశీయులు అను వేషములతో దిగెను. ఆ దళములకు క్వాడ్రిల్లులని పేరు. తరువాత ఆ పేరు నలుగురు జంటలు కలసి యాడు నాట్యమునకును సంక్రమించెను. గుఱ్ఱములు నాట్యమును అనుకరించె ననుకొందుము గాని, పేరు విషయమున నాట్యమే గుఱ్ఱపు దళముల వెనుక నడచినది.

ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూలు అను ప్రసిద్ధమగు అశ్వవిద్యాలయము గలదు. 1735లో పూర్తియైన దాని విశాలభవనమందు తెల్లని లిపిజానరు గుఱ్ఱములతో నేటికిని క్వాడ్రిల్లు ప్రదర్శింపబడుచున్నది. మన జిల్లాలో పూర్వము పనిచేసిన మిషనరీలలో పెక్కుమంది కెనడా దేశమునుండి వచ్చినవారు. ఆ దేశపు అశ్వారూఢ పోలీసువారి సంగీతవిన్యాసమును లోకప్రసిద్ధమే. అది 1887లో రెజైనా అనుచోట జరిగినట్లు వ్రాతమూలముగా తెలియుచున్నది. నేడు 32 మంది రౌతులు నల్లని గుఱ్ఱములపై బల్లెములు దాల్చి దానిని నడపుదురు. ఆశ్చర్య మేమనగా, ఆ పోలీసు ఉద్యోగులలో చాలమంది శిక్షణకు వచ్చునాటికి గుఱ్ఱమెక్కి యెఱుగనివారు. కావున ఈ విద్య పుట్టుకతో వచ్చునది కాదు, ఓర్పుతో నేర్చికొనబడునది.

మన దేశమునకును ఇది క్రొత్త కాదు. శ్రీకూర్మ క్షేత్రమును పోషించిన తూర్పుగంగరాజుల కాలమున, 13వ శతాబ్దియందు, కట్టబడిన కోణార్కాలయమునొద్ద నేటికిని నిలిచియున్న యుద్ధాశ్వముల శిల్పములు ఈ కళింగభూమి గుఱ్ఱమును ఎంత మన్నించెనో తెలుపుచున్నవి. 1773లో ఏర్పడిన అశ్వదళమే నేడు రాష్ట్రపతి అంగరక్షకదళముగా ఢిల్లీలో నున్నది. 1953లో ఏర్పడిన 61వ అశ్వికదళము ఇప్పటికిని గుఱ్ఱములను విడువలేదు. హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణపొందు యువాధికారులు, ఆడువారైనను మగవారైనను, గుఱ్ఱపుస్వారి నేర్వవలసినదే. ఎన్.సి.సి.యందు అశ్వ, పశువైద్య విభాగమను శాఖ యుండుటచేత విద్యార్థులకును ఈ అవకాశము గలదు.

ఇక సిద్ధపడు విధము చెప్పెదను.

మొట్టమొదట రౌతులు గుఱ్ఱము లెక్కరు. మైదానమున సున్నముతో 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రమును గీసి, తమ కాళ్లతోనే విన్యాసమంతయు నడచి చూతురు. ఎవ్వడెచ్చట తిరుగవలెనో, ఎవ్వని కెవ్వడు ఉద్దియో, కుడివైపువాడు ముందో ఎడమవైపువాడు ముందో నేలమీదనే స్థిరపడవలెను. తాను మఱచిన త్రోవను గుఱ్ఱమునకు చెప్పగలవా డెవ్వడు?

రెండవది, జతలు కూర్చుట. పొడుగు గుఱ్ఱమును పొట్టి గుఱ్ఱమును, పెద్ద అంగ వేయుదానిని చిన్న అంగ వేయుదానిని ఒక జంటగా కట్టరాదు. అన్నిటికంటె వడిగలదానిని ముందు నిలుపుట యువకుల కోరిక, అది పొరబాటు. ముందు నడువవలసినది నిలుకడగలది, చప్పుళ్లకు బెదరనిది. నడక వడి నిర్ణయించునది మాత్రము జట్టులో నెల్ల చిన్న అంగ గల గుఱ్ఱమే. బలముగలది తగ్గగలదు, బలములేనిది ఎంత తొందరపెట్టినను సాగలేదు. కనుక బలవంతుడు బలహీనునికొఱకు తన్ను తాను అదుపులో నుంచుకొనుటయే ఈ విద్యలోని మొదటి ధర్మము.

మూడవది, ఎడము. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చాలవఱకు చుట్టును చూడగలదు గాని, తన తోకవెనుక నున్నదానిని చూడజాలదు. కనబడని ప్రాణి వెనుకకు చేరినచో అది తన్నుట సహజము. అందుచేత వెనుక వచ్చు రౌతు కనీసము ఒక గుఱ్ఱము నిడివి, అనగా సుమారు 2.4 మీటర్లు, ఎడముంచవలెను. కొలబద్ద లేకయే దీనిని తెలిసికొను ఉపాయము గలదు: తన గుఱ్ఱపు చెవుల నడుమనుండి ముందు గుఱ్ఱపు వెనుకకాళ్ల మడమలు కనబడుచున్నచో ఎడము సరిగా నున్నది, తోక మాత్రమే కనబడుచున్నచో దగ్గఱకు వచ్చితివని యెఱుగవలెను.

నాలుగవది, మూలలు. ఇచ్చట మన గణితపాఠము ఉపయోగించును. ఒక రౌతు ప్రతి మూలను 3 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగుననియు, వాని వెనుకవాడు సోమరితనమున 6 మీటర్ల వ్యాసార్ధముతో కోసికొని పోవుననియు అనుకొనుడు. మొదటివాడు 3 మీటర్లు తిన్నగా, 4.7 మీటర్లు వంపుగా, మరల 3 మీటర్లు తిన్నగా, మొత్తము 10.7 మీటర్లు నడచును. రెండవవాడు అదే మూలను 9.4 మీటర్లలో ముగించును. మూలకు 1.3 మీటర్లు కలిసివచ్చినవి. నాలుగు మూలలకు 5 మీటర్లు మించును. అనగా వడి యేమాత్రము పెంచకయే వాడు ఒక్క చుట్టులో రెండు గుఱ్ఱముల నిడివి ముందుకు వచ్చి, ముందువానిమీద పడును. అప్పుడు కళ్లెము బిగించును, వాని వెనుకవాడును బిగించును, వరుసయంతయు చెదరును. చూపరులు ముందువాడు ఆలస్యము చేసెనందురు. నిజమునకు తప్పు మూల కోసినవానిది.

అయిదవది, ప్రక్కప్రక్కన నడచుచు తిరుగుట. నలుగురు రౌతులు ఒక్క వరుసగా పాతికచుట్టు తిరుగవలెను. లోపలివాడు 3 మీటర్ల వ్యాసార్ధమున నుండి, తక్కినవారు ఒకరికొకరు 1.5 మీటర్ల దూరమున నున్నచో, వరుసగా 4.7, 7.1, 9.4, 11.8 మీటర్లు నడువవలసియుండును. ఒకే కాలమున వెలుపలివాడు లోపలివానికి రెండున్నరరెట్లు సాగవలెను. లోపలివాడు తన గుఱ్ఱమును దాదాపు నిలిపినట్లే చిన్న అడుగులు వేయింపవలెను. ఇందెవ్వడు గొప్ప? వెలుపలివాని పరుగు కనబడును. లోపలివాని ఓర్పు కనబడదు. కాని ఆ ఓర్పు లేక ఆ పరుగు వరుసలో నిలువదు.

ఆఱవది మిక్కిలి కఠినమైనది: రెండు వరుసలు అడ్డముగా ఒండొంటిలోనుండి దాటుట. సూదిలో దారమెక్కించుటతో దీనిని పోల్చుదురు. గుఱ్ఱము నిడివి 2.4 మీటర్లు, రౌతు కాళ్లతో కలిపి వెడల్పు సుమారు 0.8 మీటరు. ఒక గుఱ్ఱము కూడలిని విడుచుటకు ఈ రెండును కలిపి 3.2 మీటర్లు నడువవలెను. అడ్డువరుసలోని గుఱ్ఱమునకును అంతే కావలెను. కావున ఒకే వరుసలో ఒక గుఱ్ఱపు ముక్కునుండి వెనుకదాని ముక్కువఱకు 6.4 మీటర్లకు తక్కువ యుండరాదు. గుఱ్ఱపు నిడివిని తీసివేసినచో 4 మీటర్ల ఖాళీ. ఒక నిడివి ఎడము చాలదు. రెండు నిడివులు, అనగా 4.8 మీటర్లు, ఉంచినయెడల ముందును వెనుకను కలిపి మిగులునది 0.8 మీటరే. గంటకు 13 కిలోమీటర్ల పరుగున ఆ దూరము సెకనులో నాలుగవవంతుకంటె తక్కువలో గడచిపోవును. తాను సరిగా నడచుట మాత్రమే గాక, ఎదుటివాడును సరిగా నడచునను నమ్మకముండవలెను. భయపడి చివరిక్షణమున కళ్లెము లాగినవాడే గుద్దుకొనును. ఎదుటివానిని నమ్ముటయు, ఎదుటివాని నమ్మకమునకు తగియుండుటయు ఈ కూడలియందు ప్రాణరక్షణమే.

అందుచేతనే తొందర నిషేధము. విన్యాసమంతయు మొదట నడకతో నేర్చి, తప్పు లేనప్పుడే జోడుపరుగునకు పోవుదురు. నడకలో గుఱ్ఱపు నాలుగు కాళ్లు నాలుగు చప్పుళ్లు చేయును; జోడుపరుగున మూలమూలల కాళ్లు జంటగా పడి రెండు చప్పుళ్లు చేయును; అటుపై పరుగున మూడు చప్పుళ్లు వినబడును. సంగీతము చిట్టచివర చేరును. తాళమునకు గుఱ్ఱమును బిగించుట గాక, గుఱ్ఱపు సహజగతిని లెక్కించి దానికి తగిన పాటను ఎన్నుకొందురు.

ఇంకొక జాగ్రత్త గలదు. గుఱ్ఱమునకు జ్ఞాపకశక్తి మెండు. ఒకే క్రమమును పలుమాఱులు నడపినయెడల, ఆజ్ఞ రాకమునుపే అది తనంత తిరుగును. చూచుటకు తెలివిగా తోచినను, ఇది జట్టునకు చేటు. కనుక తెలిసిన ఉపాధ్యాయుడు భాగములను తాఱుమాఱు చేసి సాధన చేయించును. ఒక్కొక్క జంటతో కొన్నాళ్లును, నలుగురితో కొన్నాళ్లును, ఎప్పుడో ఒకమాఱు అందఱితోను నడపించును. అదనముగా ఒక రౌతును ఒక గుఱ్ఱమును కూడ సిద్ధపఱచును. ఆ అదనపు రౌతు ప్రదర్శనదినమున గట్టుమీదనే నిలిచియుండవచ్చును. ఐనను వాడు అందఱి చోటులును నేర్చియుండవలెను. జట్టులోనెల్ల ఎక్కువ నేర్చి తక్కువ కనబడువాడు వాడే.

ప్రదర్శనలో తప్పు జరిగినచో ఏమి చేయవలెను? తప్పినవాడు సిగ్గుచే తన చోటికి అడ్డముగా పరుగెత్తరాదు. అది ఒక తప్పును రెండు చేయును. ఉన్నచోటనే నిలుకడ దెచ్చుకొని, తరువాతి విన్యాసము మొదలగునపుడు మెల్లగా వరుసలో గలియవలెను. తక్కినవారు వానివైపు తల త్రిప్పక, ఖాళీని కాపాడుచు సాగవలెను.

"రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్లతో నడుచును" అను సామెతను కొందఱు కొరడాకు అనుమతిగా గ్రహింతురు. అది సరికాదు. ఇచ్చట మెత్తదన మనగా తన మనస్సు తనకే తెలియకుండుట. దృఢమైన రౌతు గట్టిగా కొట్టువాడు కాడు. ఒక్కమాఱు స్పష్టముగా అడుగువాడు. సాధన ముగియగానే గుఱ్ఱమును కొంతసేపు తీరికగా నడపించి, జీను విప్పి, వీపున పుండ్లు గలవేమో చూచి, గిట్టలు శుభ్రము చేసి, నీరును దాణాయు పెట్టించినపిమ్మటనే రౌతు తన భోజనమునకు పోవలెను. సైసున్నాడు గదా యని విడుచువాడు రౌతు కాడు, బరువు మాత్రమే. మూగజీవము మోసిన శ్రమకు కృతజ్ఞత చూపుట చదువులో నొక భాగము.

తల్లిదండ్రులు ఇది అపాయకరము గాదా యని యడుగవచ్చును. అపాయము గలదు. శిరస్త్రాణము ధరింపక, పెద్దల పర్యవేక్షణ లేక గుఱ్ఱమెక్కరాదు. అయినను అపాయమును లెక్కవేసి, ఎడమును కొలిచి, క్రమమును పాటించి దానిని తగ్గించుకొనుట నేర్పునట్టి విద్య యిది. సాహసమునకును దుడుకుతనమునకును గల భేదము ఇంతకంటె స్పష్టముగా తెలియుచోటులు అరుదు.

విద్యార్థులారా! మనలో చాలమందికి గుఱ్ఱము దొరకదు. అందువలన ఈ పాఠము వ్యర్థము కాదు. ఎనిమిదిమంది కూడి ఆటస్థలమున పైజెప్పిన కొలతలతో గీతలు గీయుడు. 20 మీటర్ల వ్యాసముగల వలయముపై ఎనమండుగురును సమదూరమున నడవుడు. ఒక్కొక్కనికి సుమారు 7.9 మీటర్లు వచ్చునేమో కొలిచి చూడుడు. పిమ్మట రెండు వరుసలై అడ్డముగా దాటుడు. ముందు వేగముగా పోగోరువాడెవ్వడో, మూల కోయువాడెవ్వడో, చిన్న అంగవానికొఱకు తన అంగ తగ్గించువాడెవ్వడో అరగంటలో మీకే తెలియును. అపొస్తలుడైన పౌలు అనేకావయవములు గల ఒక శరీరమును గూర్చి బోధించిన మాట మీరు వినియున్నారు. ఆ బోధను కాళ్లతో నేర్చుటకు సున్నపుగీతలును ఎనమండుగురు స్నేహితులును చాలును.