ఇల్లు విడిచాక తోబుట్టువులు

చదువుకో ఉద్యోగానికో ఇల్లు విడిచే వయసులో తోబుట్టువుల మధ్య ఏం జరుగుతుందన్నది ఈసారి పాఠం.

చిన్నప్పుడు ఒకే ఇంట్లో ఉంటాము కనుక కలిసి ఉంటాము. తరువాత కలిసి ఉండడం మన ఇష్టం. 1997లో స్టాకర్, లాంతియర్, ఫర్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ వయసువారి కోసం ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఆప్యాయత, గొడవ, పోటీ అన్నవి మూడూ వేర్వేరు కొలతలని వారు తేల్చారు. అంటే గొడవపడేవారి మధ్య ఆప్యాయత లేదనుకోరాదు. ఇంకో విశేషం, పోటీ కింద వారు అడిగినది అమ్మ ఎవరిని ఎక్కువ చూసింది, నాన్న ఎవరిని ఎక్కువ చూశాడు అని!

మాది హోసూరు. అక్కను పదో తరగతితో మాన్పించి, నన్ను బెంగళూరులో ఇంజనీరింగుకు పంపారు. ఫీజు కోసం అక్క గాజులు కుదువపెట్టారు. ఎందుకిలా అని నాన్న చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం వచ్చాక ఫోను చేస్తే "తిన్నావా?" అనేది, అంతే. ఒక ఉగాదికి నేనే కదిలించాను. "గాజులు పోయినందుకు కాదురా. ఒక్కమాట అడిగి ఉంటే నేనే తీసి ఇచ్చేదాన్ని" అంది.

పిల్లలను ఒకేలా చూడడం ఏ ఇంట్లోనూ కుదరదు. కారణం చెబితే, అది న్యాయమని తోస్తే, పిల్లలు చాలావరకు సర్దుకుంటారు. చెప్పని కారణమే ఏళ్లతరబడి మిగిలిపోతుంది.

మన ప్రాంతంలో భాష కూడా అడ్డొస్తోంది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుండి తప్పనిసరి అయింది. మా పిన్నమ్మగారింట్లో అక్క తెలుగులో రాస్తే తమ్ముడు చదవలేడు. పాపం, ఇద్దరూ వాయిస్ మెసేజీలు పంపుకుంటారు.

ఇక ఆస్తి. 2005 సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్న పోయాక, అక్కచేత విడుదల పత్రం రాయించుకోమని బంధువులు నాకు చెప్పారు. ఈసారి ముందు అక్కనే అడిగాను. రెండు రోజులు గడువడిగి, వాటా కావాలంది. రిజిస్టరు చేయించాము.

ఇప్పుడు ఫోను చేస్తే అరగంట మాట్లాడుతుంది. అందులో పావుగంట పోట్లాటే.